దారి ఇచ్చే పెట్టె

ఏడుంబావుకి
మళ్ళీ అదే ఎర్ర అక్షరం:
"నెట్‌వర్క్ దొరకలేదు."
ధాత్రి కంట్రోలర్‌ని ఒళ్ళో బోర్లించుకుని
నా వైపు చూసింది,
కరెంటు నేనే తీసేసినట్టు.

హార్బర్‌లో రేడియో ముందు కూర్చునే దాన్ని.
పగలంతా బయట లంగరేసిన ఓడలతో
పదహారో ఛానల్లో మాట్లాడి వస్తాను.
కెప్టెన్ దగ్గుని బట్టి
ఓడ పేరు చెప్పగలను.
అలాంటిది మా ఇంట్లో
ఆరడుగుల దూరానున్న తెల్లపెట్టె మాట
టీవీ కింద నల్లపెట్టెకి వినబడట్లేదంటే
ఒప్పుకోబుద్ధి కాలేదు.

ముందు అందరూ చేసేదే చేశాను.
ప్లగ్గు పీకి ముప్పై లెక్కపెట్టాను.
ఇరవై రెండు దగ్గర కుక్కర్ కూసింది,
మళ్ళీ ఒకటి నుంచి.
పాస్‌వర్డ్ కొట్టాను, తెరమీద
ఒక్కో అక్షరం దగ్గరికీ పాక్కుంటూ వెళ్ళి.
మా ఆయన పెట్టిందది. అమ్మేసిన స్కూటర్ నంబరు,
మధ్యలో ఎందుకో ఒక పెద్దక్షరం.
"దొంగలకి తెలీకుండా" అంటాడు.
ఇప్పటికి రెండుసార్లు
మాకే తెలీకుండా పోయింది.

బియ్యం డబ్బా వెనకనుంచి రూటర్‌ని లాగాను.
స్టీలు చాటున సిగ్నల్ చచ్చిపోతుందని
నాకొకరు చెప్పాలా?
ఫ్రిజ్ మీద పెట్టాను.
కొన్నది మొన్న ఉగాదికి, అప్పుడే స్క్రూలకి తుప్పు.
కోటవీధిలో ఏ ఇనుమూ
ఉప్పుగాలికి రెండేళ్ళాగదు.

కేబుల్ కుర్రాడు ఎల్లాజీ వచ్చాడు.
ఫోన్లో గీతలేవో చూపించి,
"మావేపంతా బాగానే ఉందండి.
మీ గేమ్ పెట్టికే ఏటో అయింది"
అని, మజ్జిగ తాగి వెళ్ళాడు.

నిజమే, ఫోన్లు పనిచేస్తున్నాయి.
ఫోన్లు గడుసువి,
ఒక దారి మూస్తే ఇంకో దారిన పోతాయి.
ఈ పెట్టెకి మేం నేర్పింది ఒక్క దారే.

ధాత్రి ఆడేది పరాయివాళ్ళతో కాదు,
గోడవతల ఇంతియాజ్‌తో.
దీని కేక ఏ దేశమో వెళ్ళి
అక్కడెవరో ఒప్పుకున్నాక
తిరిగొచ్చి అటువైపు దిగుతుంది.
గోడ మందం తొమ్మిది అంగుళాలు.
నడిచి వెళ్ళచ్చుగా అన్నాను.
జవాబు ఇవ్వదగ్గ మాటగా
దానికి తోచలేదు.

అన్నాలయ్యాక
రూటర్ దినచర్య తెరిచాను,
నా లాగ్‌బుక్ తిరగేసినట్టు.
మంగళవారం ఏడూ తొమ్మిది: రాడార్ వినబడింది, ఛానల్ ఖాళీ.
బుధవారం ఏడూ పన్నెండు: రాడార్, ఖాళీ.
ఇవాళ ఏడూ పద్నాలుగు.

కాసేపు అలాగే నిలబడిపోయాను.

వెతికి వెతికి
ఇది పాడైందనుకున్నాం.
ఇది తప్పుకుంటోంది.
గాల్లో రాడార్ అలికిడి తగలగానే
మాట మధ్యలో ఆపేసి
గట్టుకి జరిగి నిలబడుతోంది.
ఎవరి రాడారో రాయలేదు.
ఓడలది కాదు, వాటి మెట్టు వేరు, అది నాకు తెలుసు.
నేవీ వాళ్ళదో,
మబ్బుల్ని వెతికేదో,
లేదా ఏదో ఉత్త గరగరకి జడుసుకుందో.
అడగదు కదా ఇది. ముందు దారి ఇస్తుంది.

రోజూ నేను చెప్పేదే.
పెద్ద ఓడ ఇరుకు కాలవలోకి మళ్ళేటప్పుడు
చేపల పడవలతో,
"కాస్త పక్కకి, కాస్త పక్కకి" అని.
వల సగం లాగిన వాడు
నన్నేం తిట్టుకుంటాడో
రేడియోలో రాదు.

ఛానల్ ముప్పై ఆరుకి మార్చాను.
అక్కడ ఎవరికీ తప్పుకోనక్కర్లేదు.
సేవ్ నొక్కేటప్పుడు మాత్రం
బాగా పెరిగిన పిల్లకి
మొండితనం నేర్పుతున్నట్టనిపించింది.

పచ్చ దీపం. ఒకసారి ఆగి, మళ్ళీ.
"ఒరేయ్ వచ్చేశా!"
గోడకి అటూ ఇటూ ఒకేసారి అరుపులు,
అటువైపుది
గోడలోంచే ముందొచ్చింది.

యారాడ కొండమీద లైట్‌హౌస్
కిటికీని ఒకసారి తుడిచి పోయింది.
చేతులు నడుంమీద పెట్టుకుని
నా పనితనం నేనే చూసుకుంటున్నాను.

"అమ్మా," అంది ధాత్రి, తల తిప్పకుండా,
"టీవీకి అడ్డు."

పక్కకి జరిగాను.